కాప్రా నాలా మీద నేను గీసిన వంతెన

సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చిన రోజు మా పక్కింటావిడ వచ్చి, "ఏటేటి సూసొచ్చావు?" అని అడిగింది. గోల్కొండ ఎక్కలేదు, చార్మినార్ దరిదాపులకు పోలేదు, ముత్యాలు కొనలేదు. అయిదు రోజులుండి ఒక షుగర్ వ్యానూ, ఒక సిపాయి కాపలా ఉన్న గేటూ, ఒక చెరువూ, దాని కింద ఒక మురికి నాలా చూసి వచ్చానని చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, "పోనీలే, ఈసారెల్లినప్పుడు సూద్దువు" అని ఓదార్చి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తాను. నలభై దాటాక, పిల్లలు కోచింగుల్లో పడి నాకు సాయంత్రాలు ఖాళీ దొరికితే, ఇంటర్నెట్‌లో చూసి పైతాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. అప్పట్లో ఎవరిని కదిపినా ఐటీ మాటే. అందరూ ఉద్యోగం కోసం నేర్చుకున్నారు, నేను మాత్రం వీధుల పిచ్చితో నేర్చుకున్నాను. పైతాన్‌లో ఊళ్లను కొలిచే పనిముట్లు ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు రాసి, పైసా అడగకుండా, లోపల ఎలా రాశారో కూడా తెరిచి చూపించి ఇచ్చేశారు. ఊరి పేరు చెబితే చాలు, వీధులన్నీ చేపల వలలా తెర మీదికి వచ్చేస్తాయి. ప్రతి కూడలీ ఒక ముడి, రెండు ముడుల మధ్య వీధి ఒక దారం. ఎక్కణ్నుంచి ఎక్కడికి దగ్గర దారేదో, నడిస్తే ఎన్ని నిమిషాలో అదే లెక్క కట్టి చెబుతుంది.

అయితే ఆ వలకు దారం పేనేది మనుషులే. ప్రపంచంలో ఎవరైనా చెయ్యి వేయగల ఉచిత పటం ఒకటుంది. ఉపగ్రహం తీసిన ఫొటో కింద పెట్టుకుని, దాని మీద వీధులు గీసి పంపొచ్చు. ఆదివారాలు మా ఇంట్లో కూర్చుని సికింద్రాబాద్ చుట్టుపక్కల సందులు గీసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. రైల్వే స్టేషనూ మల్కాజ్‌గిరిలో మా అన్నయ్య ఇల్లూ తప్ప ఆ ఊళ్లో నేను చూసినదేమీ లేదు, అది వేరే సంగతి.

నా ఇంటర్ స్నేహితురాలు సుభాషిణి సికింద్రాబాద్‌లో డాక్టరు. ఒక ట్రస్టు నడిపే వ్యాన్‌ను చూసుకుంటుంది. సోమ, గురువారాల్లో ఆ వ్యాన్ అయిదు చోట్ల ఆగి షుగర్ ఉన్నవాళ్లకు రక్తపరీక్షలు చేసి, మందులిచ్చి, పుండ్లకు కట్లు కడుతుంది. ఇద్దరు నర్సుల్లో ఒకామె మానేసింది. ఇక అయిదు చోట్ల ఆగడం కుదరదు, ఒకటి తీసెయ్యాలి. ఏది తీసేస్తే జనానికి తక్కువ కష్టమో చెప్పమని సుభాషిణి నన్ను అడిగింది. ఆ పనిముట్లతో నేను రాసుకున్న ప్రోగ్రాం చెప్పింది: కాప్రా చెరువు కింద నాలా పక్కనున్న బస్తీ తీసెయ్యండి, అక్కడివాళ్లు ఎనిమిది నిమిషాలు నడిస్తే కాప్రా కమ్యూనిటీ హాలు దగ్గర ఆగే వ్యాన్ అందుకుంటారు.

"బానే ఉంది గానీ, ఓసారొచ్చి కాళ్లతో నడిచి చూడవే. శనివారం నిర్ణయం తీసుకోవాలి" అంది సుభాషిణి. నా లెక్క మీద నమ్మకం లేదా అని కొంచెం అలిగి, అలాగే రైలెక్కాను.

మల్కాజ్‌గిరి

మా వదినది పలాస వైపు. పెళ్లయి మల్కాజ్‌గిరి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా భాషలో ఒక్క అక్షరం మారలేదు. గుమ్మంలోనే అందుకుంది. "ఏటి కుమారీ, ఇలాగైపోయావు? తిండి తింతన్నావా, కంప్యూటరే తింతన్నావా?"

చింతచిగురూ ఎండురొయ్యలూ వేసి వండింది. ఇక్కడ దొరికే చేపల మీద పది నిమిషాలు తిట్ల పురాణం చదివింది. వీధంతా ఆడపిల్లల హాస్టళ్ల బోర్డులు, కంప్యూటర్ కోర్సుల బోర్డులు. పొద్దున్నే కంపెనీ క్యాబులు పిల్లల్ని ఎక్కించుకుంటుంటే వాటి మధ్యలోంచి కూరల బండి తోసుకుపోతుంది. పాల ప్యాకెట్ కోసం వెళ్తే కొట్టువాడు, "మేడం, హాస్టల్ గావాల్నా?" అని అడిగాడు. నాకు మహా సంతోషమేసింది. వదినకు చెబితే, "ఆడికి కళ్లద్దాలు మార్చాల" అంది.

మా ఊళ్లో నలుగురు మనుషులు నిలబడే చోటల్లా జంక్షనే. ఇక్కడ చౌరస్తా, లేదంటే వీధి మొదట్లో తోరణంలా కట్టిన కమాన్. ఇంకో విడ్డూరం, నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్లొచ్చే గంటలో ఎవరింటికి ఎవరూ వెళ్లరు, ఫోన్లు కూడా ఎత్తరు.

నేను వచ్చింది గురువారం కాబట్టి షుగర్ వ్యాన్ వదిన వాళ్ల వీధి మలుపులోనే ఆగింది. మా వదినకు షుగరు, మోకాళ్ల నొప్పులు. వ్యాన్ దగ్గరికి ఆవిడ పేరంటానికి వెళ్లినట్టే వెళ్తుంది, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ. క్యూలో ఉన్న అందరికీ నన్ను చూపించి, "ఈ యేను ఎక్కడాగాలో చెప్పేది మా ఆడపడుచే. కంప్యూటర్లో సూసేస్తది" అని చాటింది. నేనూ కాదనలేదు. పొగిడితే ఎవరికి చేదు?

వ్యాన్ డ్రైవరు యాదగిరి. వ్యాన్ లేని రోజుల్లో సొంత ఆటో తోలుకుంటాడు. మర్నాడు అన్ని చోట్లకూ అతనే తిప్పుతానన్నాడు.

బొల్లారం

యాదగిరి ముందుగా ఇరానీ హోటల్లో ఆపాడు. ఒక చాయ్ చెప్పి రెండు కప్పుల్లో పోయించాడు. మా వైపు చుట్టానికి సగం టీ ఇస్తే ఏడాదిపాటు చెప్పుకుంటారు. ఇక్కడ అదే మర్యాద, ఎందుకంటే అది సగమైనా చిక్కగా మీగడలా ఉంటుంది. నేను బిస్కట్టు ముంచి మాట్లాడుతూ కూర్చుంటే అది కాస్తా విరిగి అడుక్కి పోయింది. యాదగిరి చెంచా తెప్పించి, "గింత సేపు ముంచొద్దు మేడం. ముంచుడు, తినుడు, గంతే" అని పాఠం చెప్పాడు.

వ్యాన్ ఆగే ఇంకో చోటు బొల్లారం. అక్కడికి నా ప్రోగ్రాం చూపించిన దగ్గర దారి మిలటరీవాళ్ల కంటోన్మెంటులోంచి పోతుంది. చెట్ల నీడ, ఊడ్చిన రోడ్డు, హారన్ మోత లేదు. ఆటోలో ఒళ్లో లాప్‌టాప్ తెరుచుకుని, ఆహా, నా లెక్క ఎంత బాగుంది అనుకుంటున్నాను. ఎదురుగా గేటు. సిపాయి చెయ్యెత్తాడు. నా తెర మీద కంటోన్మెంటు వీధులన్నీ ఎర్రటి దారాలై మెరుస్తున్నాయి. అతని కళ్లు నా మొహం మీద, తెర మీద, మళ్లీ నా మొహం మీద. స్కూల్లో మూడో భాషగా చదివిన హిందీ అంతా కూడగట్టుకుని, ఇది అతి లఘు మార్గం, కంప్యూటర్ చెప్పింది అన్నాను. అతను లాప్‌టాప్ వైపు చెయ్యి చాచాడు.

యాదగిరి గబుక్కున దిగి, "సాబ్, షుగర్ వ్యాన్ మేడం హై. మరీజోఁ కా రాస్తా దేఖ్ రై" అన్నాడు, రోగులు వచ్చే దారి చూస్తోందని. సిపాయి మొహం కాస్త సడలింది. ఈ గేటు బయటివాళ్లకు తెరవరని, చుట్టూ తిరిగిపొమ్మని చెప్పాడు. ఆటో వెనక్కి తిప్పుతుంటే దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు, వాళ్లమ్మకూ షుగరేనట, కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయంటోందట, ఏం చెయ్యాలని. సుభాషిణి నంబరు రాసిచ్చాను. చుట్టూ తిరిగేసరికి ఇరవై నిమిషాలు అదనంగా పట్టింది. పటంలో అక్కడ గేటు మూసి ఉంటుందని గుర్తు పెట్టాను.

"గందుకే మేడం, నేను ఎన్నడూ గీడికెళ్లి రాను" అన్నాడు యాదగిరి.

"ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"మీరు కంప్యూటర్ల జూస్తున్రు. నడుమల నేనెందుకు మాట్లాడాలె?"

కాప్రా

చెరువు దగ్గర ఒక మెస్సులో అన్నం తిన్నాం. అన్నమంటే అన్నం కాదు, జొన్నరొట్టె, పచ్చిపులుసు, నంజుకోవడానికి ఉల్లిగడ్డ. ఇద్దరికీ కలిపి డెబ్భై రూపాయలు. మా వైపు పచ్చిపులుసులో కాల్చిన వంకాయ పడాల్సిందే. ఇక్కడ వంకాయ లేదు, నువ్వుల పొడి వేశారు. మొదటి ముద్దకు మొహం చిట్లించాను, మూడో ముద్దకు గిన్నె నా వైపు లాక్కున్నాను. వడ్డించే ఆవిడ చూసి నవ్వి, అడక్కుండానే ఇంకో గరిటె పోసింది.

కాప్రా చెరువు పెద్దది. ఒక పక్క గుర్రపుడెక్క కమ్మేసింది, ఇంకో పక్క కొత్త అపార్టుమెంట్లు నీళ్లలోకి తొంగి చూస్తున్నాయి. వాన కాలంలో నిండితే, ఎక్కువైన నీళ్లు కిందకు పోవడానికి నాలా ఉంది. నాలాకు ఈ పక్క కమ్యూనిటీ హాలు, ఆ పక్క బస్తీ. హాలు నుంచి బస్తీకి నడిచి, ఎనిమిది నిమిషాలు నిజమని తేల్చుకుంటే నా పని అయిపోతుంది. ఫోన్‌లో గడియారం నొక్కి బయల్దేరాను.

నాలుగో నిమిషంలో నాలా గట్టు దగ్గరికి వచ్చాం. నేను అటూ ఇటూ చూశాను.

"యాదగిరీ, వంతెన ఏది?"

"ఏ వంతెన మేడం?"

"ఇక్కడే ఉండాలి. నాలా మీద, మనుషులు నడిచేది."

"గీడ పుల్ ఎన్నడున్నది? నేను పుట్టిందే గా బస్తీల."

పటం తెరిచి చూపించాను. అతను తెర వైపు చూసి, నాలా వైపు చూసి, చెయ్యెత్తి చూపించాడు. నల్లటి నీళ్ల మీద, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, మనిషి నడుమంత లావున్న మంచినీళ్ల పైపు. పైన తెల్లగా రంగు వేసి ఉంది. ఎండలో మెరుస్తోంది.

ఆ గీత గీసింది నేనే. ఒక ఆదివారం, ఉపగ్రహం ఫొటోలో రెండు గట్లనూ కలుపుతూ తిన్నగా తెల్లటి గీత కనబడితే, ఇంకేముంది, కాలినడక వంతెన అని గీసి పారేశాను. గట్టుకు ఇటూ అటూ కాలిబాటలు కూడా తిన్నగా అక్కడికే వచ్చి ఆగుతున్నాయి మరి. పోనీ ఎవరినైనా అడిగానా? లేదు. నేను గీసిన అబద్ధాన్నే నా ప్రోగ్రాం నమ్మింది, నా ప్రోగ్రామ్‌ను నేను నమ్మాను.

నేను చూస్తుండగానే టిఫిన్ క్యారేజీ పట్టుకున్న మనిషొకడు చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, ఆ పైపు మీద అడుగులో అడుగేసుకుంటూ దాటిపోయాడు.

నాలా అవతల

ఆటోలో మెయిన్ రోడ్డు దాకా పోయి, కల్వర్టు దాటి, తిరిగి వెనక్కి వచ్చి బస్తీలో దిగాం. యాదగిరి నన్ను బాలమణి దగ్గరికి తీసుకెళ్లాడు. యాభై ఏళ్లుంటాయి. మెట్టు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. కుడికాలికి కట్టు. చిటికెన వేలు ఉండాల్సిన చోట ఖాళీ.

"షుగరమ్మా. ముల్లు గుచ్చుకుంటె తెల్వలే. ఏలు తీసేసిన్రు" అంది, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు. మల్కాజ్‌గిరి వైపు హాస్టల్లో అరవైమంది ఆడపిల్లలకు వండేదట. "పుండు మానితె మల్ల పిలుస్తమన్నరు. ఇంకో ఏలు పోతె ఇగ పొయ్యికాడ నిలబడుడు ఉండదు. డాక్టరమ్మ గట్టిగ చెప్పింది, వారానికి రెండుమార్లు కట్టు తప్పొద్దని. వ్యాన్ ఈడికే వస్తది గాబట్టి తప్పలే."

"నాలా అవతల హాలు దగ్గర ఆగితే వెళ్లగలవా?" అని అడిగాను.

ఆమె పకపకా నవ్వింది. "ఏందమ్మా, పైపు మీదికెళ్లి పోవాల్నా? నన్ను సర్కస్‌ల చేర్పిస్తవా ఏంది?"

యాదగిరి కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆటోకు తిరిగొచ్చి, వెనక సీట్లో కూర్చుని ఆ వంతెన గీతను తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. ప్రోగ్రాం మళ్లీ నడిపాను. బస్తీ నుంచి హాలుకు ఎనిమిది నిమిషాలు కాదు, నలభై ఒకటి. ఇప్పుడు తీసెయ్యాల్సింది బస్తీ కాదు. పేరు మారి తెర మీదికి వచ్చింది. అది మా వదిన వాళ్ల వీధి మలుపు. అక్కడివాళ్లు తొమ్మిది నిమిషాలు నడిస్తే మల్కాజ్‌గిరి రైల్వే స్టేషన్ వైపు ఆగే వ్యాన్ అందుకోవచ్చట.

"అయిపోయాన్రా దేవుడా" అనుకున్నాను.

సికింద్రాబాద్

శనివారం సుభాషిణి క్లినిక్‌లో కూర్చున్నాం. ఆమె, నర్సు, యాదగిరి, నేను. దారంతా నాలో ఒకటే పీకులాట. వంతెన గీసింది నేనేనని ఎవరికీ తెలీదు. పటంలో తప్పుందట, సరిచేశాను అంటే సరిపోతుంది. అలాగే అందామని నోరు తెరిచాను కూడా. కానీ బాలమణి కాలు గుర్తొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సుభాషిణి అందుకుంది. "ఒసే, నువ్వు రాకపోయుంటే సోమవారం నుంచి అక్కడ వ్యాన్ ఆగేది కాదు. తెలుసా?"

"తెలుసు."

"బుద్ధుందా నీకు?"

"లేదు."

కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. ఇంటర్లో ప్రాక్టికల్ పరీక్షలో కప్ప గుండె అనుకుని కాలేయానికి పేరు రాసింది ఈవిడే కదా అని నర్సుకు చెప్పింది. అవసరమా ఇప్పుడది? బస్తీ ఉంచాలని, మల్కాజ్‌గిరి మలుపు తీసెయ్యాలని ఖాయం చేశారు.

"మీ వదినకి ఎవరు చెప్తారు?" అంది సుభాషిణి. అందరూ నన్నే చూశారు.

మళ్లీ మల్కాజ్‌గిరి

వదిన బొబ్బట్లు చేస్తూ ఉంది. నా కోసమే. చెప్పాను. అట్లకాడ పక్కన పెట్టేసింది.

"ఏటీ? మా ఈది తీసేసినావా? నా కూడు తిని, నా ఇంట్లో తొంగొని, నా యేనే తీసేసినావా?"

బాలమణి కాలి సంగతి చెప్పాను. వదిన విన్నది. "ఆ మనిసికి ఉండాల్సిందే. నాను కాదన్నానా? అయితే నాకు కాళ్లు లేవా? నాకు సుగరు లేదా? నీ కంప్యూటర్ ఎంతంది?"

"తొమ్మిది నిమిషాలు."

"రేపు నడిపించు. సూద్దారి."

ఆదివారం పొద్దున్న ఇద్దరం నడిచాం. మోకాళ్లు పట్టుకుని, రెండు చోట్ల అరుగు మీద కూర్చుని, ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటడానికి ఎవరో బళ్లు ఆపితే తప్ప కదలకుండా, వదిన స్టేషన్ వైపు చేరేసరికి పంతొమ్మిది నిమిషాలు. ఆవిడ చెమట తుడుచుకుంటూ, "రాసుకో" అంది.

అప్పుడు నాకు తట్టింది. నా ప్రోగ్రాంలో నడక వేగం ఎవరిదనుకున్నారు? నాది. పొద్దున్నే బీచ్ రోడ్డులో బూట్లు వేసుకుని, కొలుచుకుంటూ నడిచే నా వేగం. షుగర్ వ్యాన్ దగ్గరికి వచ్చేవాళ్లు అలా నడుస్తారా? సిగ్గేసింది. అక్కడే ఒక బండి మీద పెసరట్టు తిని, వదిన నడక పెట్టి మొత్తం మళ్లీ నడిపాను. బస్తీ నుంచి హాలుకు దారి గంట దాటిపోయింది. తీసెయ్యాల్సిన పేరు మాత్రం మారలేదు.

వదిన తెర వైపు చూసింది. "మరైతే ఆ బాలమణికే ఉండనీ. నాను ఆటోలో ఎల్తాను. మీ అన్నయ్య ఇస్తాడు డబ్బులు" అంది. తర్వాత మళ్లీ, "కానీ నా కోపం నాకుంది. బొబ్బట్లు రెండే ఇస్తాను" అంది. నాలుగు ఇచ్చింది.

చివరి రోజు

సోమవారం రైలు సాయంత్రం. పొద్దున్న వ్యాన్‌తో పాటు బస్తీకి వెళ్లాను. బాలమణి అందరికంటే ముందొచ్చి నిలబడింది. నర్సు కట్టు విప్పి, పుండు లోపల ఎర్రగా మాంసం పడుతోందని, నెల తిరిగేసరికి మూసుకుపోవచ్చని చెప్పింది. ఇక ఆగలేక, వాళ్లింటి మెట్టు మీద ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. అదిగో, ఆ పైపును వంతెన అని గీసింది నేనే, నా వల్ల నీ వ్యాన్ ఆగిపోబోయిందని.

తిడుతుందనుకున్నాను. ఆమె కొత్త కట్టు మీద చీర కుచ్చిళ్లు సర్దుకుని, నాలా వైపు చూసింది.

"అయితె కంప్యూటర్ల గీడ పుల్ ఉండెనా?"

"ఉండేది. తీసేశాను."

"నడిస్తె ఎంత సేపన్నవు?"

"ఎనిమిది నిమిషాలు."

"ఎనిమిదే!" అంది. "హాస్టల్‌కు పోయే బస్సు గా హాలు కాడనే ఆగుతది. పనికి పోయేటప్పుడు రోజు గంట సేపు చుట్టు తిరిగి పోతుంటి. ముప్పై ఏండ్ల సంది ఈడ పుల్ గావాలని ఒక్కలకు తోచలే. నీకు తోచింది."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు తీసేసినవమ్మా? గీసినదాన్ని అట్లనే పట్కపోయి, కట్టేటోళ్లకు చూపియ్యకపోయినవా?"

యాదగిరి హారన్ కొట్టాడు. లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని, ఆ మెట్టు మీదే ఇంకాసేపు కూర్చుండిపోయాను.